డీజిలింజను జాన్‌బాబుకు, నిమ్మకాయలు అంతోనికి

విజయవాడ గుణదలలో, కొండ కింది వీధిలో కాపురముంటున్న మద్దిరాల చిన్నప్పగారి కుమారుడు శౌరయ్య అనే నేను, అరవై ఆరేళ్ల వయసులో, సొంత దస్తూరితో రాసుకుంటున్న వీలునామా ఇది. నా బుద్ధి స్థిరంగానే ఉంది. కళ్లజోడు లేకపోతే పేపరు చదవలేను గానీ మనుషులను చదవగలను. ఇది రాయమని నన్ను ఎవరూ ప్రోత్సహించలేదు, ఎవరూ బెదిరించలేదు. మత్తు పదార్థం ఏదీ పుచ్చుకోలేదు. పొద్దున నా భార్య దానమ్మ ఇచ్చిన కాఫీ పుచ్చుకున్న మాట నిజమే గానీ, మత్తెక్కేంత చిక్కగా ఆ కాఫీ ఈ ఇంట్లో ఎన్నడూ లేదు. నా గుండె ఎక్కువ కాలం నడవదని డాక్టరుగారు చెప్పారు. అందుకే ఈ తొందర.

నాకు ముగ్గురు పిల్లలు. పెద్దవాడు జాన్‌బాబు, ప్రభుత్వ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. రెండోవాడు అంతోని, గాంధీనగరంలో ఒక సినిమా డిస్ట్రిబ్యూటరు దగ్గర మేనేజరు. అమ్మాయి తెరేసమ్మ, మైలవరం అవతల మా తోట ఉన్న పాలెంలో డిస్పెన్సరీ నర్సు. వీళ్లు ఇంటి గురించీ తోట గురించీ తగాదా పడరని నాకు తెలుసు. తగాదా అంతా నా పాత జీపు గురించే. కనుక సులువైనవి ముందు తేల్చేసి జీపు దగ్గరికి వస్తాను.

1. గుణదలలోని పెంకుటిల్లు దానమ్మ బతికినంత కాలం దానమ్మది. ఆమె తదనంతరం ముగ్గురికీ సమానం. ఆమె ఉండగా ఈ ఇంటి గోడలు కొలవడానికి ఎవరూ టేపు తీసుకురాకూడదు. జాన్‌బాబు జేబులో ఎప్పుడూ ఒక టేపు ఉంటుంది కనుక ఈ మాట రాయవలసి వచ్చింది.

2. పాలెంలోని నాలుగెకరాల మామిడితోట ముగ్గురికీ సమానం. వాయవ్యం మూలనున్న చిన్నరసం చెట్టు కాపు మాత్రం దానమ్మకు చెందుతుంది. ఆ కాయలు అందరికీ పంచకుండా తానే తినాలని నా కోరిక. ఎలాగూ పంచేస్తుంది, అయినా రాసి ఉంచుతున్నాను.

3. ఈ వీలునామాను అమలుపరిచే బాధ్యత ఆటోనగర్ మెకానిక్కు లాజరుది. చదువుకున్న కొడుకులుండగా మెకానిక్కు ఎందుకని అడిగేవాళ్లు ఉంటారు. విప్పినదాన్ని మళ్లీ బిగించడం మా కుటుంబానికి తెలిసినవాళ్లలో అతనికొక్కడికే వచ్చు. నా మిలిటరీ కోటు, పానాల పెట్టె అతనివి.

4. ఇక జీపు. 1947లో మద్రాసులో మిలిటరీవాళ్లు పనికిరానివని వేలం వేసిన బళ్లలో ఇదొకటి. అంతకు ముందు ఏడాదే నన్ను కూడా ఇక అవసరం లేదని డ్రైవరు ఉద్యోగం నుంచి ఇంటికి పంపారు. ఇద్దరం కలిసి నాలుగు రోజులు ప్రయాణం చేసి ఇంటికొచ్చాం. అప్పటినుంచి అది నా మామిడికాయలు మోసింది, నా పిల్లల్ని బడికి మోసింది, పాలెం నుంచి నొప్పులు పడుతున్న ఆడవాళ్లను ఆసుపత్రికి మోసింది. పాలెం దారిలో ఒక వాగుంది. వానాకాలంలో దానికి మోకాటిలోతు నీళ్లు, ఆ నీళ్ల కింద మోకాటిలోతు నల్లబురద. బస్సు అవతలే ఆగిపోతుంది. నాలుగు చక్రాలూ కలిసి తిరిగే బండి ఒక్కటే ఆ వాగు దాటుతుంది. అందుకే తెరేసమ్మ డ్రైవింగు నేర్చుకుంది. ప్రతి ఏడూ జూన్ నుంచి అక్టోబరు దాకా జీపు పాలెంలో ఆమె దగ్గరే ఉండేది.

5. నాలుగేళ్ల క్రితం పెట్రోలు ధర చుక్కలంటినప్పుడు నా కొడుకులిద్దరికీ ఒకేసారి జ్ఞానోదయమైంది. పాత పెట్రోలు ఇంజను పీకేసి డీజిలింజను పెట్టించాలని జాన్‌బాబు అన్నాడు. నీలం కాగితాల మీద జీపుకు ప్లానులు గీశాడు. పైనుంచి చూస్తే ఎలా ఉంటుంది, పక్కనుంచి చూస్తే ఎలా ఉంటుంది, అన్నీ చక్కగా గీశాడు. లోపల కూర్చుంటే ఎలా ఉంటుందో గీయలేదు, ఎందుకంటే పెళ్లయ్యాక వాడు ఆ బండి ఎక్కలేదు.

అంతోనికి ప్లానులు లేవు, అభిరుచి ఉంది. జీపు అమ్మేసి మీగడ రంగు కారు కొనాలన్నాడు. గాంధీనగరంలో తన ఆఫీసు ముందు నేను జీపు ఆపితే పోస్టర్లు అంటించడానికి వచ్చిందనుకుంటున్నారట, పరువు పోతోందట. వాగు సంగతేమిటని అడిగితే, “వాగు దాకా కారులో వెళ్దాం నాన్నా, అక్కణ్ణించి చూద్దాం,” అన్నాడు. మూడున్నరేళ్లు అక్కణ్ణించే చూశాం.

లాజరును అడిగితే రెండు ముక్కల్లో తేల్చాడు. “డీజిలింజను బరువండీ శౌరయ్యగారూ, బురదలో ముక్కు దించుద్ది. కారంటారా, వాగులో పడవైపోద్ది. ఉన్న ఇంజనుకే బోరు చేయించి రింగులు మారిస్తే ఇంకో పదేళ్లు ఆడుద్ది.” నలభై ఏళ్లుగా బండి కింద పడుకుని బతికిన మనిషి మాటను బండి ఎక్కనివాళ్లిద్దరూ ఒప్పుకోలేదు. మిగతా అన్ని విషయాల్లోనూ పేచీ పడేవాళ్లు ఈ ఒక్క విషయంలో ఏకమయ్యారు.

6. ఇప్పుడు నా సంగతి. నేను యజమానిని. లాజరు మాట సరైనదని విన్న రోజే నాకు తెలుసు. ఔనని తల ఊపి, మరుసటి వారం ఆటోనగర్‌కు బండి పంపి ఉంటే సరిపోయేది. పంపలేదు. కారణం రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

ఆ విషయం తేలనంత కాలం కొడుకులిద్దరూ ప్రతి ఆదివారం చర్చిలో పూజ అవగానే మా ఇంటికి వచ్చేవాళ్లు. జాన్‌బాబు మాంసం తెచ్చేవాడు, అంతోని బత్తాయిలు తెచ్చేవాడు. ఒకడు నా కాళ్ల నొప్పుల గురించి అడిగితే రెండోవాడు ఆయాసం గురించి అడిగేవాడు. అంతకు ముందు పండక్కి తప్ప మొహం చూపించినవాళ్లు కాదు. నేను జాన్‌బాబుతో డీజిలు మంచిదేనేమో అనేవాణ్ణి. వాడు చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లగానే అంతోనితో, మీగడ రంగు మాసిపోదూ అని అడిగేవాణ్ణి. ఇద్దరికీ ఆశ చావకుండా చూసుకున్నాను. ఏవండీ, ఏదో ఒకటి తేల్చండి అని దానమ్మ మూడున్నరేళ్లు చెప్పింది. నేను ఇంకో బత్తాయి ఒలుచుకున్నాను.

7. కిందటి సెప్టెంబరులో నేనూ దానమ్మా వేళాంగణి మాత ఉత్సవానికి వెళ్లాం. ఇదే సమయమని కొడుకులిద్దరూ విడివిడిగా అనుకున్నారు. రెండు రోజుల్లో సర్వీసు చేయించి పంపుతానని చెల్లెలికి చెప్పి జాన్‌బాబు జీపును గుణదల తెప్పించాడు. సోమవారం నాడు ఎవరో తెలియని మెకానిక్కు చేత పాత ఇంజను దింపించాడు. తన ప్లాను ప్రకారం కొన్న డీజిలింజను ఆ బానెట్లో పట్టలేదు. ఎందుకు పట్టలేదో ఆలోచించడానికి ఇంటికెళ్లాడు.

బుధవారం నాడు అంతోని, టూరింగు టాకీసు యజమాని రామకోటేశ్వరరావును తీసుకొచ్చాడు. మైకు కట్టి ఊరూరా సినిమా ప్రచారానికి తిప్పుకుంటానని ఆయన జీపు కొనుక్కోవడానికి సిద్ధపడ్డాడు. బానెట్‌కు పూలదండ వేశారు, కొబ్బరికాయ కొట్టారు, నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టారు. ఆయన ఎక్కి కూర్చుని, బండి ముందుకు పోనిచ్చి నిమ్మకాయలు తొక్కించాలని చూశాడు. చప్పుడు లేదు. బానెట్ ఎత్తి చూస్తే ఇంజను ఉండాల్సిన చోట మా పక్కింటి పిల్లి మూడు పిల్లలకు పాలిస్తోంది. రామకోటేశ్వరరావు దండ తీసుకుని, కొబ్బరిచెక్కలు రెండూ తీసుకుని వెళ్లిపోయాడు. ఇది తలుచుకుని నేను చాలాసార్లు నవ్వాను. ఇంకొన్నాళ్లు నవ్వి ఉండేవాణ్ణి.

అదే బుధవారం పొద్దున పాలెంలో మగ్గం నేసే మల్లేశ్వరరావు భార్య వెంకటరావమ్మకు నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగిందని తెరేసమ్మకు తెలిసింది. జీపు లేదు. ఎడ్లబండి కట్టుకుని వాగు దాకా వెళ్లారు. ఎడ్లు నీళ్లలోకి దిగలేదు. మధ్యాహ్నం దాకా ఆ గట్టు మీదే ఉన్నారు. తల్లిని తెరేసమ్మ దక్కించింది. బిడ్డ దక్కలేదు. ఆడపిల్ల.

నేను తిరిగొచ్చాక పాలెం వెళ్లాను. మల్లేశ్వరరావు నాకు కుర్చీ వేసి, “మీరు ఊళ్లో ఉంటే బండి ఉండేదండీ,” అన్నాడు. నేను ఔనన్నట్టు తల ఊపాను. అది అబద్ధం మల్లేశ్వరరావూ. నేను ఊళ్లో ఉండగానే మూడున్నరేళ్లు ఆ బండిని నా ఆదివారం భోజనానికి ఎరగా కట్టుకున్నాను. ఇంజను దింపింది జాన్‌బాబే. దింపేదాకా తెచ్చింది నేను. ఇది నీకు ఎదురుగా చెప్పలేకపోయాను. సాక్షిగా నిన్ను పిలవడానికి అసలు కారణం ఇదే.

8. పైన చెప్పిన డీజిలింజను ఇప్పటికీ నా రేకుల షెడ్డులో ఉంది. అది జాన్‌బాబుకు చెందుతుంది. అమ్మడానికి గానీ పారేయడానికి గానీ వీల్లేదు. వాడి ముందుగదిలో, అతిథులు కూర్చునే చోట, వాడు గీసిన ప్లానులకు ఎదురుగా పెట్టుకోవాలి. గుమ్మంలో పడుతుందో లేదో టేపుతో ముందే కొలుచుకోవాలి.

9. చక్రాల కింద పెట్టిన నాలుగు నిమ్మకాయలు నలగకుండా ఎండిపోయాయి. దానమ్మ వాటిని హార్లిక్స్ సీసాలో దాచింది. అవి సీసాతో సహా అంతోనికి చెందుతాయి. వాడు కారు కొనుక్కున్న రోజున వాడుకోవచ్చు. ముందు ఒకసారి బానెట్ ఎత్తి చూసుకోవాలి.

10. జీపు నా కుమార్తె తెరేసమ్మకు సర్వహక్కులతో చెందుతుంది. ఇన్నేళ్లలో బండిని మార్చాలా కొత్తది కొనాలా అని నేను ఊళ్లో అందర్నీ అడిగాను, నడిపేదాన్ని అడగలేదు. అక్టోబరులో అడిగాను. ఆమె ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. “నాన్నా, హ్యాండిల్ తిప్పకుండా స్టార్టవ్వాలి. వెనక మనిషి పడుకునేంత చోటుండాలి. పైన కారకూడదు. అంతే,” అంది. డీజిలూ కాదు, మీగడ రంగూ కాదు. లాజరు పాత ఇంజనుకు బోరు చేయించి తిరిగి బిగించాడు, సెల్ఫ్ బాగుచేశాడు, వెనక బాడీ అడుగున్నర పొడిగించాడు, కొత్త టార్పాలిను కుట్టించాడు. మొత్తం పదకొండు రోజులు పట్టింది. పదకొండు రోజుల పని కోసం మూడున్నరేళ్లు కూర్చున్నాం.

ఈ బండి కూడా ఏదో ఒకనాడు ఇక చాలంటుంది. అప్పుడు కొత్తది కొనాలో లేదో తెరేసమ్మే నిర్ణయించుకోవాలి. అన్నలు సలహా ఇవ్వదలిస్తే, ముందు జూలై నెలలో ఆ వాగును కాలినడకన దాటి వచ్చి ఇవ్వాలి.

11. జీపుకు స్టీరింగు ఎడమవైపు ఉంది. ముందున్న బస్సును దాటాలంటే ఎదురుగా ఏమొస్తోందో నడిపేవాడికి కనపడదు. కుడివైపు కూర్చున్నవాళ్లు చూసి చెప్పాలి. ముప్ఫై ఏళ్లు దానమ్మ చూసి చెప్పింది. రండి, రండి అనేది, ఆగండి అనేది. ఆగండి అన్నప్పుడల్లా విసుక్కున్నాను. 1961లో ఒక్కసారి వినకుండా పోనిచ్చి ఏలూరు కాలువలో పడ్డాం. గట్టెక్కాక తడిచీర పిండుకుంటూ కూడా నన్ను ఒక్క మాట అనలేదు. ఆ కుడివైపు సీటు దానమ్మది. ఇల్లు పంచినా తోట పంచినా ఆ సీటు పంచడానికి లేదు. దానమ్మా, నువ్వు చెప్పినప్పుడల్లా ఆగి ఉంటే బాగుండేది.

12. నా సమాధికి పాలరాయి వద్దు. శవాల వ్యాను వద్దు. నన్ను ఈ జీపులోనే, వెనక పొడిగించిన అడుగున్నర చోటు కలుపుకుని పడుకోబెట్టి సమాధుల తోటకు తీసుకెళ్లాలి. తెరేసమ్మ నడపాలి, దానమ్మ కుడివైపు కూర్చోవాలి. కొడుకులిద్దరూ వెనక నడవాలి. బండి ఎక్కడైనా ఆగితే తోయాలి.

13. పై అంశాలన్నీ సాక్షులిద్దరినీ కూర్చోబెట్టి చదివి వినిపించాను. ఏడో అంశం దగ్గర కాగితం మరో సాక్షి, పోస్టుమాస్టరు సాంబమూర్తిగారి చేతికిస్తే ఆయన అందుకుని చదివారు. మల్లేశ్వరరావు నన్ను క్షమించానని అనలేదు, అనమని నేను అడగలేదు. చివరికి పన్నెండో అంశం మీద ఒక్క సందేహం అడిగాడు. “మా వెంకటరావమ్మకి మళ్లీ నెల తప్పిందండీ. వినాయకచవితికి అటూ ఇటూ అవుద్దని తెరేసమ్మగారన్నారు. ఆ రోజే మీక్కూడా బండి కావాల్సొస్తే ఎట్టాగండీ?”

న్యాయమైన సందేహం. కనుక సంతకం చేసే ముందు పన్నెండో అంశాన్ని ఇలా సవరిస్తున్నాను. నేను పోయిన రోజున పాలెం నుంచి కబురొస్తే జీపు అటే వెళ్లాలి. దండలు వేసి ఉంటే తీసేయాలి. నన్ను ఎక్కించి ఉంటే దించేయాలి. దానమ్మ కూడా వెళ్లాలి, కుడివైపు చూసేవాళ్లు లేకుండా తెరేసమ్మ మైలవరం రోడ్డెక్కకూడదు. నన్ను జాన్‌బాబు, అంతోని భుజాల మీద మోయాలి. మిగతా ఇద్దరు ఎవరైనా పర్వాలేదు, పాడె ముందు రెండు కొమ్ములూ మాత్రం వీళ్లే పట్టాలి. మా ఇంటి నుంచి సమాధుల తోటకు రెండు దారులున్నాయి. ఏ దారిన వెళ్లాలో ఇద్దరూ ఒక మాట మీదికి వచ్చాకే నన్ను లేపాలి.

గుణదల, 1978 ఫిబ్రవరి 12, ఆదివారం. మాత తిరునాళ్ల ముగిసిన మరుసటి రోజు.

(సంతకం) మద్దిరాల శౌరయ్య

సాక్షులు:
1. సాంబమూర్తి, రిటైరయిన పోస్టుమాస్టరు, గుణదల
2. చింతకింది మల్లేశ్వరరావు, మగ్గం పని, పాలెం. సవరణ విన్న తర్వాత చేసిన సంతకం.