కాలేయం మీద పడిన నింద

నవంబరు పన్నెండు, బుధవారం

చిరంజీవి మనవరాలికి,

నాయనమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమమని మొదలుపెట్టడం మర్యాద. క్షేమంగా లేము కాబట్టి ఆ మాట రాయను. నువ్వు వేళకు తింటున్నావని తలుస్తాను.

మీ నాన్న ఆసుపత్రిలో ఉన్నాడు. మా ఫోన్లు నువ్వు ఎత్తడం లేదు గనుక ఉత్తరం రాయక తప్పలేదు. చివరిదాకా చదువు. మధ్యలో చింపితే సగం లెక్కే తెలుస్తుంది.

మూడు నెలల కిందట వాడి రక్తపరీక్ష నువ్వు పనిచేసే ల్యాబులోనే అయింది. కాలేయం అంకెలు హెచ్చుగా ఉన్నాయి, కళ్లు పచ్చబడ్డాయి. నువ్వు ఆ కాగితం తెచ్చి కుట్టుమిషను మీద పెట్టి, "నా నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేశావు కదా నాన్నా, మానేశానని. ఇదేమిటి మరి?" అన్నావు. తాగలేదనే అన్నాడు వాడు. నువ్వు నమ్మలేదు. మన వీధి డాక్టరుకు కూడా తాగుడేనని నువ్వే చెప్పావు. ఆయన కాలేయానికి మందు రాశాడు. నువ్వు పెట్టె సర్దుకుని హాస్టలుకు వెళ్లిపోయావు.

తర్వాతి సంగతి విను. వాడి చొక్కా భుజాల దగ్గర వదులైంది, ప్యాంటు మాత్రం నడుము దగ్గర బిగిసింది. కుట్లు విప్పి రెండుసార్లు వెడల్పు చేసుకున్నాడు. ఊరందరికీ కొలతలు తీసే తనకు తన కొలతే అందడం లేదని నవ్వాడు. నవ్వుతూనే ఆయాసపడ్డాడు. పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చునేవాడు. సాయంత్రానికి చెప్పుల్లో పాదాలు పట్టేవి కావు. వద్దంటున్నా పెద్దాసుపత్రికి లాక్కెళ్లాను.

అక్కడి డాక్టరమ్మ వాడి పక్కటెముకల కింద అరచేత్తో నొక్కి, చూపు మెడ మీద పెట్టింది. మెడ నరం తాడులా ఉబ్బి ఉంది. వెంటనే గుండెకు స్కానింగు చేయించింది. గుండె తన దగ్గరికొచ్చే రక్తాన్ని తోడలేకపోతోందట. ఆ రక్తం వెనక్కి నిలిచి కాలేయాన్ని ఉబ్బిస్తోందట. నీళ్లు నిలిచాయని మనం సింకును తిట్టుకుంటూ కూర్చున్నాం. అడ్డేమో కింద గొట్టంలో ఉంది. వెనకటి తాగుడు వల్లేనా అని నిలదీసి అడిగాను. కాదంది. చిన్నప్పటి కీళ్ల జ్వరం గుండెలో ఒక కవాటాన్ని పాడుచేసిందట.

ఇప్పుడు నీరు లాగే మందులిస్తున్నారు. నేను వండి పట్టుకెళ్లే కూరల్లో ఉప్పు కొలిచి వేస్తున్నాను, రోజూ తూకం చూసి రాస్తున్నాను. బరువు తగ్గుతోంది గానీ కళ్ల పచ్చదనం పోలేదు. కవాటం మార్చాలంటే ముందు కాలేయం కోలుకోవాలట. అది కోలుకోవాలంటే గుండె సహకరించాలట. ఒకదాని కోసం ఒకటి ఆగి కూర్చున్నాయి, అచ్చం మీ తండ్రీకూతుళ్లలాగే. ఏది ముందు కదులుతుందో, అసలు కదులుతుందో లేదో డాక్టరమ్మే చెప్పలేకపోతోంది.

ఆదివారం లోపల రా. క్షమించమనడానికి కాదు, పక్కన కూర్చోవడానికి.

ఇట్లు,
నీ మంచి కోరి మందలించే
నాయనమ్మ

తా.క.: మీ నాన్న నన్ను రాయమన్నది ఈ ఉత్తరం కాదు. "నిజంగానే తాగానని రాసెయ్యి అమ్మా. పిల్లకు నా మీద కోపముంటే ఉండనీ. తన మాట వల్లే నా వైద్యం దారి తప్పిందని తెలిస్తే, రేపటినుంచి ఏ రిపోర్టు పట్టుకున్నా దాని చెయ్యి వణుకుతుంది" అన్నాడు. ఇన్నేళ్లుగా వాడి కుట్టుపని పద్దులు రాస్తూ ఒక్క దొంగ లెక్క రాసినదాన్ని కాను, అందుకే ఉన్నది ఉన్నట్టు రాశాను. అయితే నువ్వొచ్చాక వాడు తాగానని అంటే మాత్రం, కాదనకు. నమ్మినట్టు తలూపి, చెయ్యి పట్టుకో.