మా బావులు

ఎడారిలో మన డేరాకు దీపమైన అమ్మకు, రేవు పట్నం నుంచి కొడుకు హుమైద్ అనేక సలాములతో రాసుకునేది. దైవం దయవల్ల నేనిక్కడ క్షేమం. నువ్వడిగిన పన్ను కూడా క్షేమమే, కాకపోతే ఇప్పుడది నా నోట్లో లేదు. నువ్వు, చెల్లెలు మీథా, ఒంటెలు, మేకలు అందరూ క్షేమమని తలుస్తాను. ఈ ఉత్తరం నీకు చదివిపెట్టే ముల్లాగారికి వేరే సలాం. అయ్యా, పోయినసారిలా నా వెటకారాలు మింగేసి చదవకండి. కష్టపడి రాశాను.

ఇక నీ ప్రశ్నలు. తింటున్నానా అని అడిగావు. పొద్దున అన్నం, చేప. రాత్రి మార్పు కోసం చేప, అన్నం. పెళ్ళి మాటంటావా, జపానువాళ్ళు పెంచే చవక ముత్యాలు బజారుకొచ్చాక ఇక్కడ ముత్యాల పడవలన్నీ ఒడ్డున ఎండుతున్నాయి, ఎవరి చేతిలోనూ డబ్బాడట్లేదు. అయినా షేకుగారి దుబాసీ ఉద్యోగం ఉంది కదా అని ఒక పెద్దమనిషిని పిల్లనడిగించాను. "రెండు నాలుకలవాడితో ఏ నాలుక నమ్మి వియ్యమందేది?" అన్నాడట.

మన తెగ బూ సమ్రా బావులు తెల్లవాళ్ళ పాలయ్యాయట, నిజమేనా అనీ అడిగావు. ఆ సంగతికే వస్తున్నాను. నెమ్మదిగా రానీ.

నేల కింద నూనె వెతుక్కునే హక్కు కోసం కంపెనీవాళ్ళు ఒక కాగితం తెచ్చారు. దానికి తోడుగా యుద్ధనౌక ఒకటి వచ్చి రేవులో నిలబడింది. నావికులకు గాలిమార్పు కోసమని ఇంగ్లీషు సర్కారు ఏజెంటు దొర సెలవిచ్చాడు. గాలిమార్పుకు ఫిరంగులెందుకని షేకుగారు అడగలేదు. ముద్ర వేసేశారు. కానీ మన తెగ మాట లేకుండా ఆ ముద్ర చూపిస్తే లోపలి ఎడారిలో మేక కూడా బెదరదు. అది దొరకు తెలుసు. అందుకని తెగ పెద్ద గనక నీ తోడబుట్టిన సల్మీన్ మావయ్యను పిలిపించారు.

మావయ్య ఊరి బయట డేరా వేశాడు. దొర తనే నడిచి వచ్చాడు, అతిథిలా. ఏళ్ళ తరబడి ఇక్కడున్నవాడు, మన మాట మనకన్నా బాగా మాట్లాడతాడు. సర్కారు పని మీద వస్తే మాత్రం ఇంగ్లీషే. మధ్యలో నేను. నూనె తవ్వేవాళ్ళకు నీళ్ళు కావాలి, బావులు ఇమ్మన్నాడు.

"మా మేకలు మీకేం అపకారం చేశాయి దొరగారూ?" అన్నాడు మావయ్య.

"మేకలకు ఏ లోటూ ఉండదు. బావుల చుట్టూ కంచె వేస్తాం, అంతే."

"కంచెకు తలుపుంటుందా?"

"ఎందుకుండదు?"

"తలుపుకు తాళం?"

దొర నవ్వాడు. కాఫీ వచ్చింది. అందుకుని, తాగకుండా చాప మీద పెట్టాడు.

అమ్మా, దాని అర్థం నీకు చెప్పక్కర్లేదు. ముల్లాగారు బస్రా మనిషి గనక ఆయన కోసం రాస్తున్నాను. కోరిక ఉన్న అతిథి కప్పు కింద పెడతాడు. "తాగు, ఇచ్చాను" అనేదాకా ముట్టడు. అది చల్లారిపోతే పోయేది ఇంటివాడి పరువు. ఫిరంగులకు లొంగనివాళ్ళ మీద మన మర్యాదనే ఎక్కుపెట్టాడు.

మావయ్య కప్పు వంక చూశాడు. పొగ సన్నబడింది.

"తాగండి దొరగారూ," అన్నాడు చివరికి. "మాది మీదే."

దొర నావైపు తిరిగాడు.

ఇదిగో, ఇంతసేపూ తప్పించుకు తిరిగింది ఇక్కడికి రాకుండా ఉండడానికే. మనలో దిక్కూ మొక్కూ లేని ముసలాడు కూడా "మా ఒంటె" అంటాడు. "నా" అనడానికి సిగ్గు. ఆ "మాది"తో మావయ్య ఇచ్చింది బావుల్లో తన ఒక్కడి వంతు. నేను బొంబాయి కాలేజీలో వ్యాకరణానికి పతకం తెచ్చుకున్నవాణ్ణి. బహువచనాన్ని బహువచనంగానే ఇంగ్లీషులోకి దించాను. తెగ మొత్తం తన బావులన్నీ ఇచ్చిందని గుమస్తా రాసుకున్నాడు. నేనన్నది తప్పని దొరకు తెలుసు. నా కళ్ళలోకి చూస్తూనే కప్పు ఎత్తి తాగాడు.

"దొరా, ఆయన తన వంతు మాత్రమే ఇచ్చాడు," అన్నాను ఇంగ్లీషులో.

"రాసుకున్నదాన్ని చెరిపితే పెద్దాయన మాట తప్పినట్టవుతుంది హుమైద్. మీ మావయ్యకు అంత అవమానం నేను చేయలేను," అన్నాడు.

బయటికొచ్చాక మావయ్య అడిగాడు. "వాడితో ఏమన్నావురా?"

"మీరన్నదే అన్నాను మావయ్యా."

"నేననుకున్నదా, నేను పలికిందా?"

అంతే. ఒంటె ఎక్కి వెళ్ళిపోయాడు. నీకింకా చెప్పి ఉండడు. నా పరువు కాపాడుతున్నాడు. కాబట్టి, నువ్వు విన్నది నిజమే. బావులు ఇచ్చింది షేకుగారూ కాదు, మావయ్యా కాదు.

ఇంకొక్క మాట. తాతయ్య ఆస్తిలో ఆడపిల్లల వంతు వాళ్ళే నోటితో వదులుకోవాలని కంపెనీ వకీలుకు ఆలస్యంగా గుర్తొచ్చింది. ఉత్తర దిక్కు బావి నీ వంతు. నెల పొడుపుకు దొర నీ డేరాకు వస్తున్నాడు. దుబాసీని నేనే. నేను రానంటే వాళ్ళ మనిషిని తెచ్చుకుంటారు.

అతను కప్పు కింద పెడతాడు. చల్లారనీ. నలుగురూ నవ్వినా సరే. మాట్లాడక తప్పకపోతే, "మా" అనకమ్మా. "నాది" అను. నోరు రాదు, తెలుసు, అయినా అను. "నాది, ఇవ్వను" అను. దాన్ని ఎన్ని పతకాలు తెచ్చుకున్నవాడైనా చెడగొట్టలేడు.

ఇట్లు,
నువ్వు ఇంకా ఒప్పుకుంటే, నీ కొడుకు
హుమైద్