గుట్టెక్కే జీపుకు కొత్త వైర్లు

మల్లిక నాయినా,

అన్నం, పచ్చిపులుసు పొయ్యి కాడ మూతపెట్టి ఉన్నయి. తిన్నంకనే గోలి వేసుకో. కట్టు కట్టిన చెయ్యితోని బరువులు ఎత్తకు.

నేను జీపు తీస్కొని గుట్ట మీద మన మంద కాడికి పోతున్న. రెండు గొర్లు ఈనినయని అత్తమ్మ ఫోన్ చేసింది. వాన పట్టేటట్టుంది. చీకటైనా సరే, ఆమెను, గొర్రె పిల్లలను, వాటి తల్లులను దించుకొస్త. నువ్వు నా ఎన్క రాకు.

లైట్ల ఫికరు పెట్టుకోకు. మొన్న నువ్వు గుట్ట దిగుతుంటే ఎందుకు ఆరిపోయినయో చూసిన. పైన బిగించిన పెద్ద లైట్లకు మెకానిక్కు సన్న వైరు గుంజి, ముందు లైట్ల స్విచ్చికే కలిపిండు. వైరు కరిగి అన్ని లైట్లు ఒక్కసారే పోయినయి, నువ్వు పోయి బండకు గుద్దినవు. పాతదంత పీకేసిన. బ్యాటరీ నుంచి లావు వైరు తెచ్చి, నడుమ ఫ్యూజు, కరెంటు బరువు స్విచ్చి మీద పడకుండ రిలే పెట్టి, వేరే స్విచ్చి బిగించిన. ఇప్పుడు పెద్ద లైట్లు పోయినా ముందు లైట్లు పోవు. పొద్దున చానసేపు వెలిగించి చూసిన, వైరు వేడెక్కలే.

"జీపు జోలికి రాకు, నీకేం తెల్సు" అన్నవు. ఊరోళ్ళ బోరు మోటర్లు నేను బాగుచేస్తే మాత్రం నలుగురిల గొప్పగ చెప్పుకుంటవు. దవాఖానల నిన్ను చూసిన నాడే అనుకున్న, ఈ వైర్లు ఇంకొకల చేతికి ఇయ్యనని.

నీ పెండ్లాం పుష్ప

మర్చిపోయిన. చీకటి పడంగ వాకిట్ల నిలబడి గుట్ట దిక్కు చూడు. దిగే ముందు పెద్ద లైట్లు ఆర్పి వెలిగిస్త. కనబడంగనే ఫోన్ చెయ్యి. ఒక్క మంచి మాట చెప్తే నీ సొమ్మేం పోదు.