ఎడమ బొటనవేలు

మార్చి 2
కొడుకు పెళ్లి రిజిస్టర్‌లో నేను వేలిముద్ర వేయబోతే వాడు నా చెయ్యి పక్కకు తోశాడు. నాన్నకు చెయ్యి బాగోలేదండీ అని అందరి ముందూ అబద్ధమాడాడు. పదిహేడేళ్లయింది. ఇంకా మండుతూనే ఉంది. ఆ కసితోనే డెబ్బై దాటాక అక్షరాలు దిద్దాను. నేర్పింది వాడి కూతురే. తాతా, ఇది అక్షరమా వానపామా అని పడీ పడీ నవ్వేది.

మార్చి 5
నలభై ఏళ్లు కత్తెరలకు సాన పట్టాను. కుడి బొటనవేలి గీతలన్నీ అరిగిపోయాయి. బ్యాంకు మెషీన్ పట్టదు. మనవరాలు బ్యాంకు ఖాతాను ఫోన్‌కు కలిపి, ఎడమ వేలు ఎక్కించింది. టక్కున తెరుచుకుంది. నన్ను గుర్తుపట్టిన మెషీన్ ఇదొక్కటే.

మార్చి 9
స్కూలు నుంచి రాగానే పిల్ల నా ఫోన్‌లో గేమ్ ఆడుతుంది. మధ్యమధ్యలో, వేలు పెట్టు తాతా, నీ వేలు లక్కీ అంటుంది. చేతిలో కత్తెర పక్కన పెట్టి మరీ పెడతాను. గర్వంగానే ఉంది.

మార్చి 16
ఇవాళ పదకొండు సార్లు.

మార్చి 20
మా ముసలిదాని కంటి ఆపరేషన్‌కు డబ్బు తీయబోతే అకౌంట్ ఖాళీ. కౌంటర్‌లో అమ్మాయి చదివి వినిపించింది. తుపాకికి రంగులు, వీపుకు రెక్కలు, డాన్సులు. అన్నీ గేమ్‌లో బొమ్మకేనట. ప్రతిదానికీ మీ వేలే పడింది పెద్దాయనా, మేం చేసేదేం లేదు అంది. ఒక కన్ను ఎప్పుడో పోయింది. ఆలస్యమైతే ఉన్నదీ దక్కదని డాక్టర్ ముందే చెప్పాడు.

మార్చి 21
కొడుకు గట్టిగా అడిగాడు. పిల్ల తలెత్తలేదు. తాతే కొన్నాడు, తాతకీ గేమ్ పిచ్చి పట్టింది అంది. వాడు నమ్మేశాడు. నాన్నకు మతి తప్పిందే అని కోడలితో అన్నాడు, నేను ఎదురుగా కూర్చుని ఉండగానే. అప్పుడు చెయ్యి బాగోలేదు, ఇప్పుడు బుర్ర బాగోలేదు. నిజం చెప్పడానికి నోరు తెరిచాను. పిల్ల నా చొక్కా అంచు పట్టుకుంది. మూసుకున్నాను.

మార్చి 23
పాస్‌బుక్ లాక్కున్నాడు. ఫోన్ కూడా అడిగాడు. ఇవ్వలేదు.
ముసలిది గిన్నె అనుకుని పొయ్యి అంచు పట్టుకుంది. కాలిన చెయ్యి కొంగులో దాచింది.

ఏప్రిల్ 1, సాయంత్రం
పెన్షన్ పడింది. నాకంటే ముందు పిల్లకు తెలిసింది. లాస్ట్ టైమ్ తాతా, లేకపోతే టీమ్‌లోంచి తీసేస్తారు అని ఫోన్ పట్టుకొచ్చింది.

ఏప్రిల్ 2
ఎడమ వేలు సానరాయి మీద పెట్టాను. ఫోన్ ఇక నన్ను గుర్తుపట్టదు.
ఈ పుస్తకం నీ బల్ల మీద పెడుతున్నాను తల్లీ. నువ్వు నేర్పిన అక్షరాలే. మతి తప్పింది నాకేనా? శుక్రవారం సాయంత్రం లోపల మీ నాన్నకు నిజం చెప్పు, లేకపోతే నేనే చెప్తాను.