వాటం తప్పిన వంటిల్లు

అరవై ఎనిమిదేళ్ల వయసు, ఒక మంచి కన్ను, ఒక ఫరవాలేదనిపించే కన్ను, రెండు పనికిమాలిన మోకాళ్లు కలిగి, ప్రెస్సులో పుస్తకాల బైండింగు పని ముప్ఫై ఒక్క ఏళ్లు చేసి రిటైరైన నేను, పూర్తి తెలివితో, స్వస్థమైన మనసుతో, ఎవరి బలవంతమూ ప్రలోభమూ లేకుండా, నా ఇష్టపూర్వకంగా రాస్తున్న వీలునామా ఇది. ఇంతకుముందు నేను ఏ వీలునామా రాయలేదు. రాయడానికి ఇల్లు తప్ప నాకు ఏమీ లేదు. ఆ ఇల్లు కూడా మొన్నమొన్నటి దాకా ఇల్లు అనిపించుకోలేదు.

నా మనసు స్వస్థత గురించి మా వాళ్లకు పందొమ్మిదేళ్లుగా అనుమానాలున్నాయి. అవి సరిగ్గా ఈ ఇల్లు కొన్న రోజున మొదలయ్యాయి. రేపు కోర్టులో వాళ్లకు ఆ శ్రమ లేకుండా డాక్టరు సర్టిఫికెట్టు జతపరుస్తున్నాను. ఆయన నా చేత నెలల పేర్లు వెనక నుంచి ముందుకు చెప్పించుకుని, "మీకేం ఢోకా లేదండీ, నా బుర్ర కంటే మీదే నయం" అన్నాడు. ఆ ముక్క కూడా కాగితం మీద పెట్టమంటే పెట్టలేదు.

1. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత, ప్రెస్సులో నా పక్క బల్ల మీద పనిచేసిన ప్రూఫ్‌రీడరుకు అప్పగిస్తున్నాను. నాకున్న ఒకే ఒక్క స్నేహితురాలు. ఇందులో కామాలు దిద్దాలని ఆమె చెయ్యి దురదపెడుతుందని తెలుసు. దిద్దకూడదు. రిజిస్టరయ్యే కాగితం. ఆమె శ్రమకు ప్రతిఫలంగా నా బైండింగు ప్రెస్సు, కత్తులు, సూదుల డబ్బా ఆమెకే చెందుతాయి. వాడటం రాదని నాకు తెలుసు. ఆ ప్రెస్సు కింద పచ్చడి జాడీ మూత బిగిస్తే గాలి చొరబడదని ఎన్నాళ్లనుంచో దాని మీద కన్నేసింది.

2. ఆస్తి వివరం. వీధి వైపు వరండా, నాలుగు గదులు, వంటిల్లు, వెనక స్నానాల గది, మేడమెట్ల కింద సామాన్ల గది, పైన ఖాళీ డాబా కలిగిన పాత ఇల్లు. పూర్తిగా నా స్వార్జితం. పిత్రార్జితం ఇందులో ఇసుక రవ్వంత కూడా కలవలేదు. మా నాన్న మిగిల్చింది కొంచెం, ఆ కొంచెమూ మా అన్నయ్య దగ్గర భద్రంగా ఉంది.

ఇల్లు కొన్నాక చేతిలో మిగిలినది ఒక్క గది బాగుచేయించుకోవడానికి సరిపోయింది. అందుకని ఏడాదికి ఒక గది అని నియమం పెట్టుకున్నాను. మొదటి వానాకాలంలో కారని చోటు ఇల్లంతటికీ సామాన్ల గది ఒక్కటే. పదకొండు నెలలు అందులోనే పడుకున్నాను. కాళ్లు చాపాలంటే తలుపు తీసి పెట్టుకోవాలి. రెండో ఏడాది మంచం ముందుగదిలోకి, మూడో ఏడాది పక్కగదిలోకి మారింది. పనివాళ్లు ఒక గదిలోంచి వెళ్లగానే నేనూ మంచమూ అందులో దిగేవాళ్లం. ఈ ఇంట్లో అన్ని గదుల పైకప్పులనూ పడుకుని చూసిన మనిషిని నేనొక్కదాన్నే.

తలుపులు మూతపడ్డ సినిమాహాలువి. అందుకే పడగ్గది తలుపు మీద కూడా "బయటకు దారి" అని ఉంటుంది. వచ్చిన చుట్టాల్లో కొందరు ఆ సూచన అందుకుని ఉంటే బాగుండేది. కిటికీలు పడగొట్టిన బడివి. వంటింటి పలకలు ఒక పాత ఆసుపత్రివి, వేడినీళ్లు పోస్తే ఇప్పటికీ మందు వాసన వేస్తాయి. నేను కొత్తగా కొన్నవి మేకులు మాత్రమే. వాటిలోనూ సగం, వంగినవాటిని సుత్తితో తిన్నగా చేసుకున్నవే.

3. మా అన్నయ్యకు ఒక నల్ల గొడుగు, ఒక గోడ పెచ్చు.

గొడుగు ఆయనదే. రిజిస్ట్రేషన్ అయిన రోజున ఇల్లు చూడటానికి వచ్చి, గొడుగు మొనతో ముందుగది గోడను పొడిచి, "ఇది ఇల్లు కాదే, గోడలున్న గొయ్యి. నీ పొదుపంతా పోసినా నిండదు" అన్నారు. ఆ మాట పూర్తవుతుండగానే పైనుంచి పెచ్చు ఊడి ఆయన భుజం మీద పడింది. గొడుగు వదిలేసి వీధిలోకి పరుగెత్తారు. తర్వాత పదిహేడేళ్లు ఈ గడప తొక్కలేదు. పెచ్చును బిస్కెట్ల డబ్బాలో దాచాను. గొడుగు మాత్రం ఊరికే ఉంచలేదు. తూములో అడ్డంపడ్డ చెత్త తీయడానికి దాని మొన ఎంత అనువుగా ఉంటుందో ఆయనకు తెలియదు.

రెండేళ్లుగా అన్నయ్యకు నా ఆరోగ్యం మీద బెంగ పట్టుకుంది. నెలనెలా వస్తున్నారు. నన్ను ఒకసారి, వీధివైపు గోడ పొడవును రెండుసార్లు చూసుకుని వెళుతున్నారు. అడుగులు వేసి కొలుస్తారు, పెదవులు కదుపుతూ. పోయిన నెల అపార్టుమెంట్లు కట్టే ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకొచ్చారు. ఆయన వరండాలో నిలబడి, "స్థలం బంగారమండీ. పైనున్న దాన్ని రెండ్రోజుల్లో తీసిపారెయ్యొచ్చు" అన్నాడు. నేను పక్కగదిలోనే ఉన్నాను. ఆ పైనున్న దాంట్లో.

ఈ వీలునామా పుట్టింది ఆ రోజునే. ఇది రాయకుండా నేను కన్ను మూస్తే పందొమ్మిదేళ్ల పని రెండు రోజుల్లో లారీ ఎక్కుతుంది. నాకు అది ఇష్టం లేదు. ఇంతకంటే చట్టబద్ధంగా ఎలా చెప్పాలో నాకు తెలియదు.

అయితే చిన్నప్పుడు నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు ఇరవై రోజులు ఆటలకు పోకుండా నా మంచం పక్కన కూర్చున్నది కూడా ఈ అన్నయ్యే. అది మరిచిపోయేంత చెడ్డదాన్ని కాను. గొడుగు శుభ్రంగా కడిగించి, మొనకు కొత్త తొడుగు వేయించి ఇవ్వాలి. డబ్బా అలాగే ఇవ్వాలి.

4. మా చెల్లికి, ఆమె పత్రికల్లోంచి కత్తిరించి నాకు పంపిన "అందమైన ఇల్లు" బొమ్మలన్నీ తిరిగి ఇచ్చేస్తున్నాను. మొత్తం రెండు సంపుటాలయ్యాయి. ఎర్ర కాలికో గుడ్డ వేసి, వెన్ను మీద బంగారు అక్షరాలతో "చెల్లి సలహాలు" అని కొట్టాను. నా జీవితంలో ఇంత మంచి బైండింగు ఇంకోటి చేయలేదు. నాకు నెత్తిన కప్పు లేని రోజుల్లో, స్నానాలతొట్టి పక్కన పూలకుండీ ఏ రంగులో ఉండాలో నేర్పిన మనిషి ఆమె.

వీటితో పాటు కిటికీ పక్కనున్న వాలుకుర్చీ కూడా ఆమెదే. నేను నిచ్చెన మీదనుంచి పడ్డప్పుడు చెప్పకుండానే వచ్చి పదకొండు రోజులు ఉండి, ఆ కుర్చీలో కూర్చుని నా కాలికి కాపడం పెట్టింది. నాలుగో రోజు దాకా ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. అది ఆమెకు ఎంత కష్టమో నాకు తెలుసు.

5. పైన రెండో క్లాజులో చెప్పిన ఇల్లు, స్థలం, తలుపులు, అవి చెప్పే దారులు, అన్నీ సర్వహక్కులతో నా మేనకోడలికి, అంటే మా అన్నయ్య కూతురికి, నా తదనంతరం దఖలుపరుస్తున్నాను.

ఇది చదవగానే అన్నయ్య కుర్చీలోంచి లేస్తారు. అమలుదారు గారు ఆయనకు మంచినీళ్లు ఇచ్చి, కూర్చోబెట్టి, మిగతాది చదవాలి.

పద్నాలుగేళ్ల కిందట, ఆమెకు ఇరవై రెండేళ్లప్పుడు, తండ్రి కుదిర్చిన సంబంధం వద్దని ఒక్క సంచితో ఈ ఇంటికి వచ్చింది. ఎందుకొచ్చావని నేను అడగలేదు. చేతికి గరుకు కాగితం ఇచ్చి బడి కిటికీలు చూపించాను. వాటి మీద ఐదు పొరల రంగు ఉండేది. నాలుగు నెలలు గీకింది. మొదటి వారమంతా ఏడుస్తూనే గీకింది, అడిగితే కళ్లలో దుమ్ము పడిందనేది. అన్నాళ్లు కళ్లలో పడే కిటికీ దుమ్ము నేనెప్పుడూ చూడలేదు. ఐదో పొర కింద చెక్క బయటపడ్డ రోజున, "అత్తా, ఇది టేకు!" అని వీధి వినేలా అరిచింది. ఆ కిటికీ రెక్కలకు నేను రంగు వేయించలేదు.

ఇప్పుడామె నర్సు. ఇప్పటికి తొమ్మిది అద్దె గదులు మారింది. ప్రతి గదిలోనూ గోడకు మేకు కొట్టకూడదని ఓనరు ముందే చెబుతాడట. అమ్మాయీ, ఈ ఇంట్లో నీకు ఎక్కడ కావాలంటే అక్కడ మేకు కొట్టుకో. వంగినవి డబ్బాలో ఉన్నాయి, తిన్నగా చేసుకోవాలి.

అడుగులు వేసి స్థలం కొలిచే ఎవరికీ ఆమె ఈ ఇల్లు అమ్మకూడదని షరతు పెట్టబోతే, అలాంటి షరతు చెల్లదని ప్లీడరు అన్నాడు. చెల్లకపోయినా రాశాను. చదువుకోవడానికైనా ఉంటుంది.

వీధి తలుపు కింద ఎడమ మూలన తన్నితేనే తెరుచుకుంటుంది. గట్టిగా కాదు, అలవాటుగా.

6. ఇక మేస్త్రి సంగతి. ఈ క్లాజు రాయడానికి నాకు మూడు వారాలు పట్టింది.

ఈ ఇంటి పని మొదటి రోజునుంచీ చేసింది ఒకే మేస్త్రి. వంటింటి గచ్చు వేసినప్పుడు వాటం తప్పింది. నీళ్లు తూము వైపు కాకుండా గుమ్మం వైపు వస్తాయి. పద్దెనిమిదేళ్లుగా గిన్నెలు కడిగిన ప్రతిసారీ చీపురు పుచ్చుకుని నీళ్లను ఎదురు తోస్తున్నాను. తోస్తున్నంతసేపూ మేస్త్రిని తిడుతూనే ఉన్నాను. ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకూ చూపించాను. నా నోటి పుణ్యాన ఈ వీధివాళ్లు ఆయనకు "ఎదురువాటం మేస్త్రి" అని పేరు పెట్టారు. పిలిచి పని ఇవ్వబోయి, ఆ పేరు విని మానుకున్నవాళ్లు కూడా ఉన్నారు.

ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, ఆ తప్పు మేస్త్రిది కాదు, నాది. పాత తూము మట్టి కింద మూసుకుపోయి ఉంటే, అది ఏ మూలన ఉందో గుర్తుకు ముందురోజు గోడ మీద సుద్దముక్కతో గీత గీసింది నేను. అలమర ఎక్కడ పెట్టాలా అని ఆలోచిస్తూ, తప్పు మూలలో, గుమ్మం పక్కన గీశాను. ఆయన నా గీతను నమ్మి రసమట్టం పెట్టి, చక్కగా దాని వైపే వాటం తీశాడు. పని శుద్ధంగా చేశాడు. గచ్చు ఆరాక మొదటి చెంబు నీళ్లు పోసినప్పుడు ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. నేను, "ఇదేం పని మేస్త్రీ!" అని కేకలేశాను. ఆయన ఆ గీతను ఒకసారి, నన్ను ఒకసారి చూసి, "సరిచేస్తానమ్మగారూ" అన్నాడు. అంతే. పద్దెనిమిదేళ్లలో గీత సంగతి ఒక్కరితోనూ అనలేదు.

సరిచేయడానికి ఆయన మరుసటి ఆదివారమే తాపీ పట్టుకుని వచ్చాడు, కూలి కూడా వద్దన్నాడు. నేనే పలకలు పగులుతాయన్నాను. ఆ పై ఆదివారం మోకాలు నొప్పి అన్నాను. తర్వాత వాన అన్నాను, ఎండ అన్నాను, సిమెంటు దుమ్ము పడదన్నాను. ప్రతి ఆదివారం ఆయన వచ్చి, గచ్చు చూసి, టీ తాగి, "వచ్చే వారం చేసేద్దామమ్మగారూ" అని వెళతాడు. ఆయన భార్య చనిపోయిన వారం కూడా వచ్చాడు. ఆ రోజు గచ్చు చూడలేదు.

గచ్చు సరైపోతే ఈ ఇంట్లో పని అయిపోయినట్టే. పని లేని ఇంటికి మేస్త్రి ఎందుకు వస్తాడు? నాకు ఆదివారం కావాలి. అందుకోసం ఒక మంచి పనివాడి పేరు పాడుచేశాను. తప్పు ఒప్పుకునే ధైర్యం బతికుండగా లేక, చచ్చాక చదివిస్తున్నాను. ఈ ఒక్క క్లాజు మాత్రం వరండాలో నిలబడి, వీధిలోకి వినపడేలా పైకి చదవాలి. ప్రూఫ్‌రీడరు గొంతు చిన్నది, నా మేనకోడలు చదవాలి.

7. నా బ్యాంకు ఖాతాలో మిగిలినదాంట్లోంచి మొదట నా దహనం ఖర్చు, తర్వాత వంటింటి గచ్చు ఖర్చు తీయాలి. రెండింటికీ చాలకపోతే గచ్చుకే వాడాలి. పని ఆ మేస్త్రి చేతే, ఇప్పటి కూలి రేటుకు చేయించాలి. సుద్దముక్కతో ఎవరూ ఏమీ గీయకూడదు.

గచ్చు సరైపోయాక కూడా ఆదివారం ఆయన వస్తే, అమ్మాయీ, టీ పెట్టు. ఏ పని మీద వచ్చావని అడగకు.

ఇది నేను చదివించుకుని, విని, సరిగా ఉందని ఒప్పుకుని సంతకం చేశాను.

అక్టోబరు పదకొండు, ఆదివారం, ఉదయం.

సంతకం: ఇంటి యజమానురాలు

సాక్షులు:
ఎదురింటి మందుల షాపు యజమాని
మూల మీది దర్జీ

గమనిక: మూడో సాక్షిగా తానూ సంతకం పెడతానని మేస్త్రి కూడా వచ్చాడు. వీలునామాలో పేరున్నవాళ్లు సాక్షులు కాకపోవడమే మంచిదని ప్లీడరు చెప్పాడు. అందులో తనకేముందని మేస్త్రి అడిగితే, నేను టీ చల్లారిపోతుందన్నాను. ప్రస్తుతం ఆయన వంటింట్లో ఉన్నాడు, చీపురుతో నా నీళ్లు ఎదురు తోస్తున్నాడు.