పాపకు నీ పేరు వద్దన్నాను

స్వప్నక్కా,

ఎలా ఉన్నావని అడిగితే నవ్వుతావేమో. నువ్వు వెళ్లిపోయి రెండేళ్ల నాలుగు నెలలు. ఇన్నాళ్లలో నీకు ఒక్క ముక్క రాయలేదు. ఇప్పుడు పాప నిద్రపోతోంది, నీ చింటు అత్తమ్మతో కూరగాయలకు వెళ్లాడు. ఇంతకంటే ఖాళీ మళ్లీ దొరకదు.

పాప అంటే నా పాప. పుట్టి నలభై రోజులైంది. పురిటికి అమ్మవాళ్లింటికి నెక్కొండ వెళ్లలేదు, చింటును వదిలి ఎలా వెళ్లను? అమ్మే ఇక్కడికి, మట్టెవాడకు వచ్చి ఉండి, తొట్టెల వేడుక అయ్యాక వెళ్లింది.

నీ కొడుక్కి మూడేళ్లు నిండబోతున్నాయి. జ్వరమని దవాఖానలో చేరిన నువ్వు తొమ్మిదో రోజుకు లేవు. అప్పుడు వాడికి ఏడు నెలలు. వాణ్ని చూసుకోవడానికి వచ్చినదాన్ని, ఏడాది తిరిగాక పెద్దవాళ్లు కూర్చుని మాట్లాడుకుని, బావకే ఇచ్చి చేశారు. నన్ను అడగలేదని చెప్పను. అడిగారు. వాడు నా ఒళ్లో నిద్రపోతుండగా అడిగారు. లేవలేక తలూపానో, ఇష్టపడే ఊపానో... ఇప్పటికీ నాకు తెలియదు.

అక్కా, దాచడమెందుకు? నీ మీద నాకు కుళ్లు.

అన్నం వండే గిన్నె మీద నీ పేరు. పాలగిన్నె మీద నీ పేరు. నీళ్లు తాగుదామని గ్లాసెత్తితే పెదవుల దగ్గర నీ పేరు. నీ పెళ్లికి నాన్న కొట్టించినవే అన్నీ. నా పెళ్లికి, సామానంతా అక్కడ ఉంది కదా అన్నారు.

పచ్చిపులుసు చేస్తే అత్తమ్మ, "మంచిగనే ఉంది బిడ్డా. స్వప్న జర ఉల్లిగడ్డ ఎక్కువేసేది" అంది. మర్నాడు ఉల్లిగడ్డ ఎక్కువ వేశాను. కళ్లలో నీళ్లు తిరుగుతుండగానే తింది. అది చూసి నాకు జాలి వేయాలి కదా? వేయలేదు.

బావ ఓ రోజు స్నానాల గదిలోంచి "స్వప్నా, తువ్వాల" అని పిలిచాడు. ఇచ్చాను. ఆయన ఏమన్నాడో ఆయనకే తెలియలేదు. నేనూ చెప్పలేదు. ఆ పేరుకు పలికి వెళ్లింది నేనే కదా, ఎవరిని ఏమనను?

చిన్నప్పుడు నీ ఓణీ వేసుకున్నప్పుడల్లా, "ఏందే, నాదేది కనవడ్డా నీకే కావాల్నా?" అనేదానివి. నవ్వుతూనే అనేదానివి. ఇప్పుడు నీ బీరువా తలుపు తీసినా నాకు అదే వినబడుతుంది.

ఇరవై ఒకటో రోజు తొట్టెల చేశారు. నీ ఎర్రచీరే ఉయ్యాలగా కట్టారు, చింటుకు కట్టిందే. పాప ముక్కు చూసినవాళ్లంతా, "అచ్చం స్వప్న ముక్కే" అన్నారు. నాకూ ముక్కుంది కదక్కా? అది ఎవరికీ కనబడలేదు. అత్తమ్మ పాపను ఎత్తుకుని, "నా స్వప్ననే మళ్ల వచ్చింది. గదే పేరు పెడ్దాం" అని పాప చెవి దగ్గరకు వంగింది.

"వద్దత్తమ్మా" అన్నాను.

గట్టిగానే వచ్చింది. పాట పాడుతున్నవాళ్లు ఆగిపోయారు. అమ్మ నన్ను చూసిన చూపు... నీ ప్రాణం తీసింది నేనే అన్నట్టుంది. బావ లేచి డాబా మీదికి వెళ్లిపోయాడు. పాపకు పేరు లేకుండానే అందరూ అన్నాలు తిని వెళ్లారు.

మర్నాడు పొద్దున దుకాణానికి వెళ్తూ బావ చెప్పులేసుకుని గుమ్మంలో ఆగాడు. "నువ్వన్నదే కరెక్టు. ఆ పేరు వద్దు. నేను గా పేరు పిలిస్తె ఇంకో మనిషి పలికితె తట్టుకునుడు నాతోని కాదు" అన్నాడు.

నా మాటే నెగ్గింది. పాపకు శ్రావ్య అని పెట్టుకున్నాం. కాని నెగ్గింది నా కోసమా అక్కా, నీ కోసమా? ఆ రోజంతా గిన్నెలు తోముతూ అదే ఆలోచించాను.

పోయిన వారం ఇంకోటి జరిగింది. మధ్యాహ్నం పాపకు పాలిస్తున్నాను. చింటు పక్కనే కూర్చుని పాప పాదం మెల్లగా నిమురుతున్నాడు. ముద్దు చేస్తున్నాడనుకున్నాను. గట్టిగా గిల్లేశాడు. పాప గుక్కపట్టింది. నా చెయ్యి ఆగలేదు, వాడి వీపు మీద ఒకటేశాను. వాణ్ని కొట్టడం అదే మొదలు.

నాకు అన్నం పెట్టుకొస్తున్న అత్తమ్మ చూసింది. "కన్నతల్లైతె గట్ల కొడ్తదా?" అంది. అన్నాక తనే కలవరపడి నిలబడిపోయింది. నాకు ఏడుపే వచ్చింది.

వాడు నన్ను పిన్ని అనే పిలుస్తాడు. మన అమ్మ నేర్పింది. నీ ఫోటో చూపించి అమ్మ అని, నన్ను చూపించి పిన్ని అని. దెబ్బ తగిలితే ఎప్పుడూ నానమ్మ దగ్గరికి పరుగెత్తేవాడు. ఆ రోజు వెళ్లలేదు. ఏడుస్తూ నన్నూ పాపనూ కాసేపు చూశాడు. తర్వాత వచ్చి, పాప కాళ్లను పక్కకు జరిపి, మిగిలిన ఒళ్లో కూర్చున్నాడు. నా గదవ పట్టుకుని ముఖం తన వైపు తిప్పుకున్నాడు.

"నువ్వు పాపకు పిన్నివి. నాకు అమ్మవి" అన్నాడు.

అత్తమ్మ కంచం పట్టుకుని అలాగే ఉంది. తప్పు దిద్దుతుందని చూశాను. దిద్దలేదు. దగ్గరికొచ్చి పాపను తీసుకుని, "లే బిడ్డా, అమ్మను జర తిననియ్యి" అంది. వాడితో. నన్ను అమ్మ అని.

నిజం చెప్పనా? అప్పుడు మొదట నీ ఫోటో వైపే చూశాను. విన్నావా అన్నట్టు చూశాను. నీ బిడ్డ నోట ఆ మాట నువ్వు ఒక్కసారీ వినలేదు, నేను విన్నాను... అలా గెలిచినట్టు చూశాను. సాయంత్రం దాకా కూడా ఆ సంతోషం నిలవలేదు. వాడి చొక్కాలు మడతపెడుతుంటే దవాఖానలో నువ్వు చివరగా నాతో అన్నమాట గుర్తొచ్చింది.

"జర వాన్ని చూస్కోవే, నేనొచ్చేదాకా."

నువ్వు రావని నాకు తెలుసు. అయినా ఇన్నాళ్లూ, నువ్వొచ్చి ఇటివ్వు అంటే ఇచ్చేయాల్సినవాణ్ని పెంచుతున్నట్టే పెంచాను. ఇప్పుడు నువ్వే వచ్చి నిలబడితే... ఇస్తానా? నాకు తెలియదక్కా. నన్ను అడగకు.

ఒక్క మాట ఇస్తాను. వాడికి ఊహ తెలిశాక నువ్వెవరివో నేనే చెబుతాను. ఇంకెవరినీ చెప్పనివ్వను. నీ నవ్వు, నీ కోపం, వాడు కడుపులో ఉన్నప్పుడు నువ్వు మామిడికాయలు దాచుకుని తిన్నది, అన్నీ. అప్పుడు వాడు నన్ను మళ్లీ పిన్ని అన్నా పలుకుతాను.

కాని ఇప్పుడే కాదు. వాడా మాట అని వారమే అయింది. ఇంకొన్నాళ్లు నన్ను విననివ్వు.

నీ చెల్లె,
రమ