విన్నవారి గడి

జులై 3
చెప్పేది నేను. వయసు డెబ్భై రెండో, మూడో. అసలు పేరుతో పిలిచేవాళ్ళెవరూ మిగల్లేదు. ఈ వాటాల్లో అందరూ కంచుగొంతు అంటారు. ఇంట్లో ముగ్గురం: నేను, ఆస్పత్రిలో ఆయాగా చేసే నా కూతురు, నాలుగో క్లాసు చదివే మనవరాలు గువ్వ. నాకు అక్షరం ముక్క రాదు. రాస్తున్నది కింది వాటాలో బట్టలు కుట్టే పిల్ల. చెప్పింది చెప్పినట్టు రాయకపోతే కత్తెర దాచేస్తానన్నాను. నవ్వింది. అదీ రాయమన్నాను.

ఈ నోటుబుక్కు స్కూలువాళ్ళిచ్చింది. గువ్వ రోజూ సాయంత్రం ఇంగ్లీషు పైకి చదవాలి. ఇంట్లో ఒకరు విని, ఎలా చదివిందో రాసి, విన్నవారి గడిలో సంతకం పెట్టాలి. దాని తల్లికి సాయంత్రం డ్యూటీ. కాబట్టి నేనే.

జులై 4
పడవ పాఠం. ఒక్కో మాట దగ్గరా బురదలో కాలు దిగబడ్డట్టు ఆగింది. వేలిముద్ర వేశాను.

జులై 5
మళ్ళీ పడవే! అక్షరాలు రాకపోతేనేం, చెవులున్నాయిగా. బోట్, రివర్, నిన్న వచ్చినచోటే వచ్చాయి. ఇదేమిటే అంటే, వారమంతా ఈ పేజీనే చదవాలమ్మమ్మా, అట్ట లోపల రాసుంది చూడు అంది. అట్ట లోపల ఇంగ్లీషులో నాలుగు లైన్లున్నాయి. కుట్టుపిల్లకూ ఇంగ్లీషు రాదు. పని ఎగ్గొట్టడానికి నాకే కథలు చెబుతావుటే అని గదిమాను. పేజీ తిప్పించాను. ఏడుస్తూ చదివింది. ఏడ్చిందని కూడా రాయి, దాచేదేముంది.

జులై 6
కొత్త పేజీ.

జులై 7
కొత్త పేజీ. నన్ను ఏమార్చడం ఎవరి తరం.

జులై 19
ఇవాళ దొంగ దొరికింది. నేను నీళ్ళు పట్టి వస్తుంటే గదిలోంచి ఇంగ్లీషు వినబడింది. ఎక్కడా ఆగడంలేదు. గొంతు గలగలమంటోంది. మా గువ్వేనా అని బిందెతోనే నిలబడిపోయాను. తీరా వింటే పడవ! పాత పేజీ వల్లిస్తే ఎవరికైనా వస్తుంది, అదొక గొప్పా అని పుస్తకం లాక్కున్నాను. చదివేసిన పేజీలన్నీ అంచుల వెంట కుట్టెయ్యమన్నాను. కుట్టుపిల్ల, వద్దులే అమ్మా, పుస్తకం కదా అని నసిగింది. ఒప్పుకునేదాకా కదల్లేదు నేను. మిషన్ మీద టకటకా రెండు వరసలు కుట్టింది. గువ్వ గుమ్మంలో నిలబడి చూసింది. ఏడవలేదు.

ఆగస్టు 2
కొత్త పేజీ. నాలుగు మాటలు చదివి నీళ్ళు నమిలింది.

సెప్టెంబర్ 8
స్కూలు నుంచి కబురు. చదివే పరీక్షలో గువ్వ నోరే తెరవలేదట. మూడో క్లాసులోకి దించుతారట. నా కూతురు గోడకు ఆనుకుని అలాగే కూర్చుండిపోయింది. రేపు నేనే వెళతాను. నోటుబుక్కే నా సాక్ష్యం.

సెప్టెంబర్ 9
టీచర్ చిన్నపిల్ల. కూర్చోండి పెద్దమ్మగారూ అంది. కూర్చోనన్నాను. నోటుబుక్కూ, పుస్తకమూ బల్ల మీద పడేశాను. ఒక్కరోజు మానలేదు, అన్ని ముద్రలూ నావే, లోపం మీ పాఠంలో ఉందన్నాను. నా గొంతుకు పక్క క్లాసు నిశ్శబ్దమైంది.

ఇన్నాళ్ళూ ముద్ర ఉందా లేదా అనే చూసేదట; ఇవాళ నోటుబుక్కు మొత్తం చదివింది. జులై అయిదు దగ్గర ఆగింది. పంతొమ్మిది దగ్గర ఇంకాసేపు. తర్వాత పుస్తకం తెరవబోతే తెరుచుకోలేదు. కుట్టు మీద వేలు పెట్టి నెమ్మదిగా చెప్పింది. ఒకే పేజీ అయిదు రోజులు చదవాలట. మొదటిరోజు నాలుక తడబడుతుందట, అయిదోరోజు పరిగెడుతుందట. ఆ పరుగుతోనే భయం పోతుందట. అట్ట లోపల ఉన్నది అదేనట.

గువ్వ నిజమే చెప్పింది.

దించేదేదో నన్ను దించండమ్మా, దాన్ని కాదు అన్నాను. కళ్ళు తుడుచుకుని, నా చేతిలో లేదు పెద్దమ్మగారూ అంది. పెద్ద టీచరేమో మార్కులు మార్కులేనన్నాడు. గువ్వ తలుపు దగ్గరే ఉంది. నేను చెప్పలేదా అని ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

సెప్టెంబర్ 10
మూడో క్లాసు బెంచీ దానికి పొట్టిదట. మోకాళ్ళు తగులుతున్నాయట. తల్లితో చెబుతుంటే విన్నాను.

సెప్టెంబర్ 12
సాయంత్రం కుర్చీ వేసుకు కూర్చున్నాను. పైకి చదవనమ్మమ్మా అంది. కోపంగా కాదు. కంచం తీసెయ్యమన్నట్టు అంది. లోపలికెళ్ళి తలుపు వేసుకుంది.

సెప్టెంబర్ 14, సాయంత్రం ఆరు
తప్పు నాది. పిల్లది కాదు. ఈ మాట పెద్ద అక్షరాలతో రాయమన్నాను.

కుట్లు విప్పించాను. చిల్లులు మిగిలాయి.

మూసిన తలుపు ముందు కూర్చుని పడవ పాఠం చెప్పాను, చెవికి అంటుకున్నంత. మూడో లైను దగ్గర మరిచిపోయాను. లోపల కుర్చీ కదిలింది. ఎదురుచూశాను. మళ్ళీ మొదటినుంచి చెప్పాను.

చదివినది: నేను.
విన్నవారి గడి: ఖాళీ.

నా ఎడమ బొటనవేలి ముద్ర.
సాక్షులు: ఇవాళ డ్యూటీ మానుకున్న నా కూతురు. కుట్టిన పిల్ల, విప్పిందీ తనే.